బల్ల మీద పెట్టిన దిమ్మ

నేను ఒక కాంక్రీటు దిమ్మను. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ ఒక్కటే. ఒంటిచేత్తో ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టే బరువు. కట్టడాల దగ్గర మా జాతి పుట్టేదే నలిగిపోవడానికి. స్తంభాల్లో పోసే కాంక్రీటులోంచి కాస్త తీసి ఇనప అచ్చులో నింపుతారు. గట్టిపడ్డాక నీళ్ళ తొట్టిలో నానబెట్టి, ఆ తర్వాత ల్యాబులో యంత్రం కింద పెట్టి నొక్కుతారు. ఎంత బరువుకి పగిలామో చూసి కట్టడం గట్టిదో కాదో తేలుస్తారు. స్తంభంలో ఏముందో మాలోనూ అదే ఉండాలి. మాకున్న విలువల్లా అదొక్కటే.

నాకు ఆ విలువ పుట్టుకతోనే పోయింది.

ఒంగోలు బైపాసు పక్కన పదంతస్తుల అపార్టుమెంటు లేస్తున్న రోజులవి. బిల్డరు రామకోటయ్య గారు. సైటు ఇంజనీరు కేదారి, చదువు ముగించి ఏడాది కూడా కాని కుర్రాడు. అడుగున పార్కింగు స్తంభాలు పోస్తుంటే కాంక్రీటు కలిపే మిల్లరులో నీళ్ళు ఇష్టమొచ్చినట్టు గుమ్మరిస్తున్నారు. పలచగా ఉంటే పని తొందరగా సాగుతుంది. కేదారి ఆపబోయాడు.

"సార్, ఇట్టా పోస్తే దిమ్మలు ఫెయిలవుతాయండీ."

రామకోటయ్య గారు ఎవరినీ కోప్పడే మనిషి కాదు. నవ్వుతూ, "దిమ్మలేగా అబ్బాయ్. వాటిని వేరే కలుపుకో. శుభ్రంగా కలుపుకో" అన్నారు.

 కేదారి నీడలోకి వెళ్ళి, సిమెంటు ధారాళంగా వేసి, కంకర కడిగి, నీళ్ళు కొలిచి పోసి, తన చేత్తోనే మమ్మల్ని కలిపాడు. ఎంత శ్రద్ధగా చేశాడని! పసిబిడ్డకి రాసినట్టు అచ్చుల లోపలంతా నూనె రాశాడు. అంత శ్రద్ధ ఆ స్తంభాల మీద ఎవరైనా చూపి ఉంటే నాకీ కథ ఉండేది కాదు.

నా తోటివి ల్యాబుకి వెళ్ళి గొప్పగా నిలబడ్డాయి. కాగితం మీద స్తంభాలు పాసయ్యాయి. మనుషుల్లో ఒకడి బదులు ఇంకొకడు పరీక్ష రాస్తే హాలు టికెట్టు మీద ఫొటో చూసి పట్టుకుంటారు. కాంక్రీటుకి ఫొటో ఉండదు.

నేను ఒక్కదాన్ని మిగిలిపోయాను. రామకోటయ్య గారు నన్ను తుడిపించి, ఫ్లాట్లు అమ్మే ఆఫీసులో తన బల్ల మీద పెట్టుకున్నారు. పక్కన ఒక సుత్తి. ఎవరు కొనడానికి వచ్చినా, "కొట్టి చూడండి, మొహమాటపడకండి" అనేవారు. కొట్టేవాళ్ళు. సుత్తి ఎగిరిపడేది. వాళ్ళ ముఖాలు విప్పారేవి. ఇల్లు కొనేవాళ్ళు గోడ రంగు చూస్తారు, వంటింటి బండ చూస్తారు, తూర్పు ఎటో చూస్తారు. స్తంభం లోపల ఏముందో చూడటానికి మాత్రం అందరికీ నేనొక్కదాన్నే దొరికాను.

అలా వచ్చినవాళ్ళలో హైమావతి ఒకరు. పెద్దాసుపత్రిలో నర్సు. భర్త పోయాడు, కూతురు ప్రసూన ఇంటర్ చదువుతోంది. ఆమె సుత్తి ముట్టుకోలేదు.

"మా చిన్నప్పుడు ఒకసారి భూమి కదిలిందండీ. అరుగు మీద కూర్చున్న మా తాత కిందపడ్డాడు. మరి ఎనిమిదో అంతస్తంటే..."

"దీన్ని చూడమ్మా. మన స్తంభాల్లో ఉంది ఇదే" అని రామకోటయ్య గారు నా తల మీద చెయ్యి వేశారు.

హైమావతి మూలన నిలబడ్డ కేదారి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాయనా. కట్టేది నువ్వు కదా."

కేదారి ఆమెని చూడలేదు, నన్ను చూశాడు. "ఏం భయంలేదండీ" అన్నాడు.

నాకు గొంతుంటే ఆ రోజు అరిచి ఉండేదాన్ని. గొంతు ఉన్నవాడు అలా అన్నాక రాయి ఏం చేయగలదని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆమె వెళుతూ వెళుతూ నన్నొకసారి నిమిరింది. ఆ స్పర్శ తలుచుకుంటే ఇప్పటికీ కుంచించుకుపోతాను.

ఇళ్ళన్నీ అమ్ముడయ్యాయి, ఎనిమిదో అంతస్తులోది హైమావతికి. ఆఫీసు ఎత్తేశారు. వాచ్‌మన్ ఏసోబు నన్ను తీసుకెళ్ళి పార్కింగులో జనరేటరు గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాడు. అక్కడే ఏళ్ళు గడిచాయి. నా ఎదురుగా లిఫ్టు పక్క స్తంభం. నున్నటి పూత, దాని మీద నలుపూ పసుపూ చారలు. పిల్లలు దాన్ని పట్టుకుని గిర్రున తిరిగేవాళ్ళు. ఆ పూత వెనక ఏముందో నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం నేల కింద తిరగలి తిప్పినట్టు చప్పుడైంది. నేల వణికింది. ఊళ్ళో ఎక్కడా ఏమీ కాలేదు, టీ కొట్ల దగ్గర జనం నవ్వుకున్నారు కూడా. మా దగ్గర మాత్రం లిఫ్టు పక్క స్తంభం మీద పూత పెచ్చు ఊడి పడింది. మెట్ల మీద జనం తోసుకుంటూ దిగారు. నైటు డ్యూటీ చేసి పడుకున్న హైమావతి, పక్కింటివాళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని చెప్పుల్లేకుండా వచ్చింది. స్తంభం చూసి ఆగిపోయింది. లోపల మరమరాల ఉండలా కంకర, మధ్యలో బొక్కలు. వేలు పెడితే రాళ్ళు చేతిలోకి రాలాయి.

అసోసియేషన్ ప్రెసిడెంటు మాలకొండయ్య, పొగాకు వ్యాపారం చేసి మానుకున్న పెద్దమనిషి, తెలిసిన ఇంజనీరింగు ప్రొఫెసరు ఒకాయన్ని పిలిపించాడు. ఆయన ఒంగి చూసి చెప్పాడు: "పైన గోడలున్నాయి, ఇక్కడ లేవు. భూమి ఊగితే బరువంతా ఈ స్తంభాల మోకాళ్ళ మీదే పడుతుంది. లోపలి ఇనప రింగులు నడికట్టులా బిగించి ఉంచాలి. ఇక్కడవి దూరదూరంగా ఉన్నాయి. పై అంతస్తులు ఖాళీ చేసి అన్నీ పరీక్షించాలి."

ఆయన వెళ్ళాక మాలకొండయ్య అందరినీ కూర్చోబెట్టాడు. "ఈ మాట గేటు దాటగూడదు. దాటిందంటే మన ఫ్లాట్లు ఎవడూ కొనడు." అందరూ తల ఊపారు. రెండో రోజుకి స్తంభానికి కొత్త పూత, కొత్త చారలు. మోసపోయినవాళ్ళే మోసానికి సున్నం వేయడం అప్పుడే చూశాను.

హైమావతి కూడా తల ఊపింది. ఆమె ఆలోచన వేరు. అమ్మేసి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోదామని.

మందుల షాపు నడిపే ఖాజావలి, భార్య గౌసియా చంటిపిల్లతో ఆమె ఇల్లు చూడటానికి వచ్చారు. చూశారు, నచ్చింది. కిందికి దిగి బండి దగ్గర నిలబడి గౌసియా అడిగింది.

"మొన్న అదిరినప్పుడు మీకేం కాలేదా అక్కా?"

"ఏం కాలేదమ్మా" అంది హైమావతి. "అల్మారాలో గ్లాసు కూడా కదల్లా."

గౌసియా నమ్మింది. పిల్ల ముఖానికి ఎండ తగలకుండా కొంగు కప్పుకుని బండెక్కింది. హైమావతి జనరేటరు గది గోడకి ఆనుకుని నిలబడింది.  బండి గేటు దాకా వెళ్ళింది.

"ఆగండి" అంది. ఆ గొంతు ఆమెదిలా లేదు.

హైమావతి ఏసోబు గదిలోంచి పలుగు తెచ్చి స్తంభం కొత్త పూత మీద పొడిచింది. రెండో పోటుకి చారలు రాలాయి. మూడో పోటుకి కంకర రాలింది. "నేను మీకు అబద్ధం చెప్పానమ్మా. లోపల ఇట్టా ఉంది. పిల్లని తీసుకుని ఇందులోకి రావొద్దు."

 గౌసియా బండి దిగి, పిల్లని భర్త చేతికిచ్చి వచ్చి, హైమావతి చేతిలోంచి పలుగు తీసి గోడకి ఆనించి, ఆమె భుజం పట్టుకుంది.

చప్పుడుకి మాలకొండయ్య వచ్చాడు. "ఏందమ్మా ఇది, నీ కొంప నువ్వే కూల్చుకుంటన్నావు. మా కొంపలు కూడా."

"కూలితే అందరియ్యీ కూలతయ్ అన్నా. నాదొక్కటే ఊడి కిందపడదు."

ఆ తర్వాత చాలామంది ఆమెతో మాటలు మానేశారు. ఆమె గుమ్మం ముందు ఎవరో చెత్త పోశారు. ఆమె ఊడ్చుకుని, మునిసిపాలిటీకి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది. చివరికి పై అంతస్తులు ఖాళీ చేయించారు. పార్కింగు నిండా ఇనప ఊతలు నిలబెట్టారు. స్తంభాల పూత ఒలిచి, చుట్టూ కొత్త ఇనుము కట్టి, కొత్త కాంక్రీటు తొడుగులు వేశారు. ఆ ఖర్చు భరించింది ఇళ్ళవాళ్ళే. రామకోటయ్య గారి మీద కేసు నడుస్తోంది. కేదారి హైదరాబాదులో ఇంకా ఎత్తయిన మేడలు కడుతున్నాడని ఏసోబు ఎవరితోనో అంటుంటే విన్నాను.

పని జరిగేటప్పుడు ప్రొఫెసరు గట్టిదనం కొలిచే పరికరంతో స్తంభాలను తట్టి చూస్తూ, ఎందుకో నన్నూ తట్టాడు. ముల్లు చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంత మంచి కాంక్రీటు ఎక్కడిది?"

చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది ఒకప్పుడు నన్ను సుత్తితో కొట్టి చూసినవాళ్ళే. అందరూ నేలచూపులు చూశారు. హైమావతి ఒక్కతే నా వైపు చూసింది.

"తలుపుకి అడ్డం పెట్టేదండీ" అన్నాడు ఏసోబు.

ఆ సాయంత్రమే నన్ను శిథిలాలతో పాటు లారీలో పడేశారు. ఊరి బయట గుంతలో పోస్తుంటే డ్రైవరు నన్ను ఏరి పక్కన పెట్టుకున్నాడు. ఇప్పుడు లారీ ఎక్కడ ఆగినా వెనక చక్రం కింద నన్ను పెడతాడు. చేసేది చిన్న పనే. నా వెనక ఎవరి మోసాన్నీ దాచనక్కర్లేదు, దేనికీ నేను మచ్చు కాదు. లోడంతా నా మీదకి ఒరిగినప్పుడు కాస్త ఊరటగా ఉంటుంది.

అప్పుడప్పుడు కొత్త మేడల ఎదుట ఆగుతాం. పై అంతస్తుల్లో లైట్లు వెలుగుతుంటాయి. ఎవరో బాల్కనీలో ఆరిన బట్టలు తీసుకుంటూ, లోపలున్న పిల్లల్ని అన్నానికి పిలుస్తుంటారు. వాళ్ళు కిందికి చూసి, నన్ను నమ్ముతారేమోనని నేను చక్రం నీడలోకి ఇంకాస్త ఒదుగుతాను.