బుర్రలు కొలిచే పుస్తకం

నేను ఒక పుస్తకాన్ని. అలాగని నాలో కథలుంటాయనుకునేరు. కథలూ లేవు, పద్యాలూ లేవు, అసలు మాటలే తక్కువ. అరవై బొమ్మలున్నాయి. ప్రతి బొమ్మలోనూ ఒక మూల ఖాళీ, కింద ఎనిమిది ముక్కలు. ఖాళీలో ఏ ముక్క సరిపోతుందో వేరే కాగితం మీద సున్న చుట్టి చూపించాలి. మొదటి పది బొమ్మలు పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. నలభై దాటాక పెద్దపెద్ద ఉద్యోగులకే చెమటలు పడతాయి. ఆఖరి రెండింటికీ జవాబు, అవి గీసినవాడికైనా వచ్చో రాదో నాకు అనుమానమే.

మద్రాసులో ఒక అచ్చాఫీసులో నాలాంటివి రెండు వందలు ఒకేరోజు పుట్టాం. మొదట ఒక మిల్లువాళ్లు కొన్నారు. పనివాళ్లకు నన్ను చూపించి ఎవరు చురుకో, ఎవరు మొద్దో తేల్చుకున్నారు. తర్వాత ఒక కాలేజీ, ఆ తర్వాత ఒక విశ్వవిద్యాలయం. మనుషులు బియ్యాన్ని కొలుస్తారు, గుడ్డను కొలుస్తారు, సరే, అర్థం ఉంది. బుర్రను కొలవాలనే దురద వీళ్లకెందుకు పుట్టిందో నాకిప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం గమనించాను. నన్ను తెరిచిన ప్రతిచోటా, నెల తిరక్కుండా ఎవరో ఒకరు మూటాముల్లే సర్దుకుని గడప దాటారు. అందుకే ఎవరైనా నా అట్ట పట్టుకోగానే నాకు గుండె జారుతుంది.

ఆఖరికి వేదవతి చేతిలో పడ్డాను. ఆమె వ్యాయామ విద్యలో పరిశోధన చేస్తోంది. మంచి మనిషే, పురుగును కూడా కాగితంతో ఎత్తి బయట వదిలే రకం. ఆమె ప్రశ్న ఏమిటంటే, సామాన్య ప్రజ్ఞకూ హాకీ ఆటగాళ్ల గేమ్ సెన్స్‌కూ సంబంధం ఉందా అని. బంతి ఇప్పుడెక్కడుందో గట్టు మీద కూర్చున్న వాళ్లకూ కనిపిస్తుంది. మరో రెండు క్షణాలకు ఎక్కడికి వస్తుందో మైదానంలో ఏ ఒక్కరికో ఇద్దరికో కనిపిస్తుంది. అదీ గేమ్ సెన్స్ అంటే. నా బొమ్మలు బాగా చెప్పేవాళ్లకే అది కూడా ఉంటుందా, లేక అది వేరే సరుకా? ప్రశ్న బాగానే ఉంది. ప్రశ్నలెప్పుడూ బాగానే ఉంటాయి.

అనంతపురం దగ్గర ఆడపిల్లల హాకీ హాస్టలొకటి ఉంది. ఇరవై నలుగురు పిల్లలు. కోచ్ ఓబులేసు ఇరవై ఏళ్లుగా అక్కడే ఎండలో నల్లబడ్డ మనిషి. వేదవతి అడిగితే నెలరోజులు ఆట చూసి ఒక్కొక్క పిల్లకూ పదికి ఇన్ని అని గేమ్ సెన్స్ మార్కులు వేసి ఇచ్చాడు. కుళ్ళాయమ్మకు తొమ్మిదిన్నర వేశాడు. ఎవరికెంతో పిల్లల దగ్గరా దాచలేదు.

"ఆ అర ఎందుకు తగ్గించారు సార్?" అంది వేదవతి.

"పదికి పది దేవుడికి మేడమ్. ఈ బిడ్డకు ఈపున కూడా కండ్లుండాయి," అన్నాడు ఓబులేసు.

కుళ్ళాయమ్మ మైదానం మధ్యలో ఆడుతుంది. వచ్చే నెల రాష్ట్ర జూనియర్ జట్టు శిబిరానికి వెళ్లాల్సిన పిల్ల. ఇంటిదగ్గర వేరుశెనగ చేను తప్ప వేరే దిక్కులేదు. ఆమె ప్రాణస్నేహితురాలు రమీజా ముందు వరుసలో ఆడుతుంది. పరుగు అందుకుంటే గాలే. ఆలోచన దగ్గర మాత్రం తడబడుతుంది. ఓబులేసు ఆమెకు ఐదు వేశాడు. హాస్టల్ నుంచి పంపేస్తే స్టిక్కు అటక ఎక్కుతుంది, రమీజా అగరుబత్తీలు చుట్టడానికి కూర్చుంటుంది.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం మా కట్టను హాస్టల్ అధికారి చలపతి బల్ల మీద పెట్టారు. అక్కడ నేను విన్నది వినకుండా ఉంటే బాగుండేది.

"మేడమ్, పై నుంచి ఉత్తర్వొచ్చింది. ఇరవై నలుగురిని పద్దెనిమిది చెయ్యాల. నేను ఎవర్ని తీసేసినా వాళ్ల మనుషులు మీదికొస్తారు. మీ లిస్టు నాకిస్తే, మార్కులు తక్కువొచ్చినాయని చెప్పొచ్చు. నంబరుకు ఎవరూ ఎదురు చెప్పరు," అన్నాడు చలపతి.

"అయ్యయ్యో, ఇది పరిశోధన కోసం సార్. పేర్లు ఎవరికీ చూపించనని ముందే మాటిచ్చాను," అంది వేదవతి.

"అట్లయితే మిగిలిన హాస్టళ్లలో మీ పరీక్షకు నేను పర్మిషన్ ఎట్ల ఇప్పించేది మేడమ్?"

వేదవతి పెన్ను మూత తీసింది, పెట్టింది. తర్వాత సరేనంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా!

ఆ సాయంత్రం వరండాలో ఆరు ఇనుప మంచాలు గోడకు నిలబెట్టారు. రంగు వేయడానికని పిల్లలు అనుకున్నారు. కుళ్ళాయమ్మ అనుకోలేదు. మర్నాడు హాలు గుమ్మంలో చలపతి నిలబడి ఉండటం కూడా చూసింది. మైదానం వైపు ఏడాదికోసారైనా తొంగిచూడని మనిషి ఈ బొమ్మల ఆటకు ఎందుకొచ్చాడో ఆమెకు అర్థమైంది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

నేను ఆమె చేతిలోనే పడ్డాను. జవాబులు పూర్తయ్యాకే పేరు రాయండి, ముందు టైము వృథా చేసుకోకండి అని వేదవతి చెప్పింది. నలభై నిమిషాలు గడువు. కుళ్ళాయమ్మ నా పేజీలు తిప్పిన తీరు నేనెన్నడూ చూడలేదు. బొమ్మను చూసేది కాదు, దాని చుట్టూ చూసేది. ఇరవై అయిదు నిమిషాలకల్లా యాభై ఆరు సున్నాలు చుట్టేసింది. తలెత్తి, బంతి అందుకునే ముందు అలవాటుగా చూసినట్టు, రెండు భుజాల మీదుగా చూసింది. పక్క బెంచీలో రమీజా ముప్పయ్యో బొమ్మ దగ్గర పెన్సిల్ కొరుకుతోంది. కళ్లనిండా నీళ్లు.

ఆ హాస్టల్లో పిల్లలకొక సంజ్ఞ ఉంది. ముందున్న పిల్ల చిక్కులో పడితే, వెనకున్న పిల్ల మడమతో నేలను రెండుసార్లు కొడుతుంది. "బంతి నాకు వదిలెయ్, నేనున్నా" అని దానర్థం. ఎందుకు, ఏమిటి అని అడక్కుండా వదిలెయ్యాలి. అది ఓబులేసు వాళ్లకు అన్నంతోపాటు పెట్టిన అలవాటు. కుళ్ళాయమ్మ మడమ రెండుసార్లు నేలను తాకింది. రమీజా ఆలోచించలేదు, కాగితాన్ని బెంచీ కిందనుంచి పక్కకు జార్చేసింది. కుళ్ళాయమ్మ తన జవాబుల మీద రమీజా పేరు రాసింది. రమీజా జవాబుల మీద తన పేరు రాసుకుంది.

వద్దు తల్లీ అని నా అరవై బొమ్మలూ మొత్తుకున్నాయి. ఎవరికి వినిపిస్తుంది?

బయటికొచ్చాక, మా కట్ట పెట్టిన కిటికీ పక్కనే, ఎందుకిట్ల చేసినావని రమీజా ఆమెను నిలదీసింది. కుళ్ళాయమ్మ మాత్రం నవ్వింది.

"లెక్క చూసుకుందువు రామ్మే. రెండు లిస్టులుండాయి. సార్ లిస్టులో నాకు తొమ్మిదిన్నర, నీకు ఐదు. ఈ కాగితంలో నాకు తక్కువొచ్చినా ఆ తొమ్మిదిన్నర నన్ను కాపాడుతాది. నీకు ఈ కాగితం కాపాడుతాది. ఇద్దరం ఉంటాం."

మైదానంలో అయితే అది తిరుగులేని ఎత్తు. ఆమె చేసిన తప్పల్లా ఒక్కటే. కళ్లతో చూసినవాడి మాటకు విలువుంటుందని నమ్మింది.

వారం తర్వాత పిల్లలను చలపతి గదిలోకి పిలిచి జాబితా చదివారు. రమీజాకు యాభై నాలుగు, హాస్టల్ మొత్తానికి మొదటి స్థానం. కుళ్ళాయమ్మకు ఇరవై ఒకటి, ఆఖరి స్థానం. ఓబులేసు బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు.

"సార్, ఈ బిడ్డ లేకుంటే టీము గుడ్డిదైపోతాది. ఇరవై ఏండ్లలో ఇట్లాంటి పిల్లను నేను చూడలేదు. నా తొమ్మిదిన్నర చూడండి సార్!"

"మీది అభిప్రాయం ఓబులేసూ. ఇది సైన్సు," అన్నాడు చలపతి. వేదవతి తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

రమీజా ఒక్క అడుగు ముందుకు వేసింది. పెదాలు కదిలాయి. నిజం చెబితే ఏమవుతుందో ఆ పిల్లకు తెలియదు. కుళ్ళాయమ్మకు తెలుసు. మోసం చేశారని ఇద్దరినీ పంపేస్తారు, ఈ పిల్లలకు క్రమశిక్షణ నేర్పలేదని సార్‌ను కూడా అంటారు. రమీజా నోరు తెరిచేలోపే ఆమె మాట్లాడింది.

"ఆ కాగితం నాదే సార్. నాకు బుర్ర తక్కువ. సార్‌కు నామీద అభిమానం, అందుకే అంత వేసినారు."

ఓబులేసు ఆమె ముఖంలోకి చూశాడు. నమ్మలేదు. కానీ ఆమె తల దించలేదు. నాకు ఏడుపొచ్చింది. కాగితం ఏడవకూడదు కదా, అక్షరాలు చెదిరిపోతాయి.

ఆ మధ్యాహ్నమే కుళ్ళాయమ్మ బస్సెక్కింది. శిబిరానికి ఆమె బదులు ఇంకెవరినో పంపారు.

నాలుగు నెలలకు ఓబులేసు వేదవతిని వెతుక్కుంటూ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. రమీజా అన్నం మానేసి, చివరికి అతని దగ్గర మొత్తం కక్కేసిందట. వేదవతి బీరువాలోంచి ఆ రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో సున్నాలు తొణక్కుండా చుట్టినవి, రెండోదానిలో చెరిపి చెరిపి చిరిగిపోయినవి.

"ఇప్పుడైనా రాయండి మేడమ్. ఆ బిడ్డ తెలివి ఎంతో ఒక్క ముక్క రాసివ్వండి. చలపతి సార్ కాళ్లైనా పట్టుకుంటా."

"నా పరిశోధన గ్రంథం రాసి ఇచ్చేశాను సార్. ప్రజ్ఞకూ గేమ్ సెన్స్‌కూ సంబంధం లేదని తేల్చాను. ఆ అమ్మాయే నా ముఖ్యమైన ఉదాహరణ," అంది వేదవతి. "ఇప్పుడు రాస్తే పేర్లు బయట ఎందుకు పెట్టావని అడుగుతారు. నా డిగ్రీ పోతుంది."

ఓబులేసు దణ్ణం పెట్టి లేచి వెళ్లిపోయాడు. అతను తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. రెండు కాగితాలనూ ఆమె బీరువాలో పెట్టి తాళం వేసింది.

నా తోటివాళ్లు చాలామంది చిత్తుకాగితాల బండెక్కి పొట్లాలైపోయారు. అదృష్టవంతులు. ఎవరింటికో పప్పులూ బెల్లమూ మోసుకెళ్లి ఉంటారు. నాకా యోగం లేదు. చలపతి పద్ధతి బాగుందని పై అధికారులు మెచ్చుకున్నారట, ఇంకా నాలుగు హాస్టళ్లవాళ్లు నన్ను పంపమని అడిగారు.

ఈ ఉదయం నన్నొక కొత్త హాలులో బెంచీ మీద పెట్టారు. పన్నెండేళ్ల పిల్ల ఎవరో నన్ను దగ్గరికి లాక్కుంది. మోకాలికి దెబ్బ, అరచేతిలో స్టిక్కు పట్టిన కాయలు. అట్ట తిప్పి, మొదటి పేజీ మీద అచ్చువేసిన వాక్యాన్ని వేలితో ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ చదువుతోంది. "భయపడవద్దు. ఇందులో గెలుపు ఓటములు లేవు." చదివి, నిజమే కాబోలనుకుని, నిశ్చింతగా నవ్వుతూ పేజీ తిప్పింది.

భయపడు తల్లీ, భయపడు.