పదకొండో దుప్పటి

ఆకాశానికి తాళం వేసిన వాళ్లను ఎక్కడైనా చూశారా? ఆ ఆసుపత్రి లాండ్రీకి వెళ్తే చూడొచ్చు. దుప్పట్లు మడతపెట్టే హాలు చివర ఒక మూల ఉండేది. అక్కడొక కొళాయి, పక్కనే కిటికీ, కిటికీలోంచి ఎదుటి మేడకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య చాపంత ఆకాశం. అంతే. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, ఎవరూ బోర్డు కట్టలేదు. అందుకే నాలుగేళ్లపాటు అది చక్కగా పనిచేసింది. ఆ తర్వాత అక్కడ ప్లైవుడ్ గోడ లేచింది. గోడకి తలుపు, తలుపుకి తాళం, పైన నీలం అక్షరాలతో 'ప్రశాంతి గది' అని బోర్డు.

ఆ మూలను అందరికన్నా ఎక్కువ వాడుకున్నది మడతలక్క. అసలు పేరు జీతం కాగితంలో ఉంటుంది గాని, హాలులో ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు. ఆమె వేసిన మడతలో అంచుకీ అంచుకీ వెంట్రుకవాసి తేడా కనిపించదు. అంత కుదురైన చేతులున్న మనిషికి గాభరా జబ్బు ఉందంటే ఎవరూ నమ్మరు. ఆమే మొదట నమ్మలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు లిఫ్టులో ఉంది. గుండె గొంతులోకి వచ్చింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఇక ఇంటికి వెళ్లేది శవమేనని ఖాయం చేసుకుంది. పై అంతస్తులోనే గుండె పరీక్ష చేసి, ఏమీ లేదు, ఇంటికెళ్లి పడుకోమన్నారు. ఏమీ లేకపోతే గుండెల మీద ఎక్కి కూర్చున్నదెవరు? దానికి జవాబు చెప్పింది మేనత్త ఒక్కతే. మేనత్త వాళ్లింట్లోనే వెనక గదిలో ఉంటుంది. నలభై ఏళ్లుగా గాభరాతో కాపురం చేస్తున్న మనిషి.

"చంపదే అమ్మాయీ. చంపుతానని బెదిరిస్తుంది, అంతే," అంది మేనత్త. "దాంతో వాదించకు. పని చెప్పు."

ఆ పనులు మూడు. మెడ వెనక తడిగుడ్డ వేసుకోవాలి. కళ్లను దూరంగా ఉన్న దేనిమీదైనా నిలపాలి, ఆకాశమైతే మరీ మంచిది. పది నుంచి కిందకి, అంకెకొక ఊపిరి చొప్పున లెక్కపెట్టాలి. ఒకటి దగ్గర ఆగిపోకూడదు. సున్నా దాకా వెళ్లి, అక్కడ ఊపిరంతా వదిలేసి భుజాలు జారవిడవాలి. సున్నా దగ్గరే అది చెయ్యి వదులుతుందని మేనత్త గట్టిగా చెప్పింది.

పెద్ద గాభరా వస్తే మడతలక్క మూలకు వెళ్లి, కొళాయి కింద గుడ్డ తడుపుకుని, ఆ చాపంత ఆకాశం ముందు మూడు నిమిషాలు నిలబడి వచ్చేది. చిన్నదైతే బల్ల దగ్గరే, దుప్పటికొక అంకె చొప్పున మడతల్లోనే సరిపెట్టేది. హాలులో పదహారు మంది ఆడవాళ్లు ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి కట్ట కడతారు. ఆమె గాభరా రోజున పది నుంచి సున్నా దాకా లెక్కపెడుతుంది. వేళ్ల మీద లెక్క చూసుకోండి, పది నుంచి సున్నాకి పదకొండు. నాలుగేళ్లలో ప్రతిసారీ ఆఖరి దుప్పటి గుర్తుపెట్టుకుని పక్కకు తీసింది. ఒక్కసారి మరిచిపోయింది.

పదకొండు దుప్పట్ల కట్ట వార్డుకి వెళ్లింది. తక్కువ వస్తే గోల చేయాలి, న్యాయం. ఎక్కువ వచ్చినా గోల చేసే హెడ్ నర్సు ఒకావిడ ఆ వార్డుకి కొత్తగా వచ్చింది. సూపర్‌వైజరు పిలిచి అడిగాడు. కునుకు పట్టిందనో పరధ్యానమనో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మడతలక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. గాభరా కన్నా పెద్ద జబ్బు ఆమెకు అదే.

ఆ మాట వెల్ఫేర్ సారుకి చేరింది. ఆయన ముఖం చూడాలి అప్పుడు, పోయిన వస్తువు దొరికినట్టు వెలిగిపోయింది. సిబ్బంది మనశ్శాంతి గురించి ఏడాదిలోపు ఏదో ఒకటి చేసి చూపించమని పైనుంచి ఉత్తర్వు ఉంది. ఏడాది అయిపోవస్తోంది, గాభరా పడే మనిషి ఒక్కరూ చేతికి చిక్కలేదు. ఆయన మడతలక్కను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, గాభరా వస్తే ఏం చేస్తావమ్మా అని ఎంతో మెత్తగా అడిగాడు. ఆమె పొంగిపోయి, తానే వెంటబెట్టుకుని తీసుకెళ్లి ఆ మూల చూపించింది.

మూడు వారాల్లో వడ్రంగులు దిగారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే జరిగింది. కొళాయి గోడ బయటే ఉండిపోయింది. లోపల రెండు సోఫాలు, మూలనొక దీపం. కిటికీ వెలుతురులో దీపం అందం తెలియడం లేదని రెక్కలు మూసేసి, వాటి మీద సముద్రమూ ఆకాశమూ ఉన్న బొమ్మ అంటించారు. నిజం ఆకాశాన్ని మూసి అచ్చు ఆకాశాన్ని అతికించిన బుర్రలకు ఏ పరీక్షలో మార్కులు వేశారో గాని, వాళ్లకు నెలనెలా జీతాలు మాత్రం సరిగ్గా అందుతున్నాయి. తాళంచెవి వెల్ఫేర్ సారు సొరుగులో ఉంటుంది. గది కావాలంటే ముందు రోజే ఫారం నింపి, సూపర్‌వైజరు సంతకం తెచ్చుకోవాలి.

ఆ నియమాల కాగితం ఇంటికి తెస్తే కూతురు పైకి చదివింది. పగలబడి నవ్వుతూ మొదలుపెట్టి, తల్లి ముఖం చూసి సగంలో ఆపేసింది. మేనత్త మాత్రం ఆఖరి దాకా చదివించుకుంది.

"అయితే గాభరా కూడా ముందు రోజే కబురు చేసి రావాలన్నమాట," అంది. "నలభై ఏళ్లయింది, నాకెప్పుడూ ఆ మర్యాద చెయ్యలేదే."

బుధవారం పొద్దున అది కబురు లేకుండానే వచ్చింది, పెద్దదే. మడతలక్క అలవాటు చొప్పున మూలకు పరుగెత్తి, తాళం పట్టుకుని లాగింది. అక్కణ్నించి ఆఫీసుకి వెళ్లింది. వెల్ఫేర్ సారు మీటింగులో ఉన్నాడు. గుమాస్తా చెడ్డవాడేం కాదు, తనకు చెప్పినట్టే ఫారం చేతికిచ్చాడు. ఆందోళన తీవ్రత ఎంత, ఒకటి నుంచి పది లోపు వేయండి. కారణం రాయండి. ఎంతసేపు ఉంటుందో రాయండి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగిన వాడి కథ విన్నాం గాని, వాడైనా ఫారం నింపమనలేదు. ఆమె చేతిలోంచి కలం జారిపోయింది. వసారాలో గోడకి జారి కూర్చుండిపోయింది.

భోజనాల గంట కొట్టేదాకా రోలరు యంత్రాన్ని ఆపని మనిషి రోలరు బాబాయి. ఆ రోజు ఆపాడు. దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ యంత్రం మూలుగు ఆగేసరికి హాలంతా వసారాలోకి వచ్చింది. బాబాయి తువ్వాలు తడిపి ఆమె మెడ మీద వేసి, పక్కన చతికిలబడి, తనకు తోచినట్టు ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాడు.

"కింద నుంచి కాదు బాబాయ్," అంది ఆమె పళ్లు కొట్టుకుంటుంటే. "పై నుంచి. సున్నా దాకా."

పదిహేను మంది ఆడవాళ్లు, ఒక ముసలాయన పది నుంచి కిందకి దిగారు. రెండోసారి సున్నా దగ్గర అది చెయ్యి వదిలింది.

మర్నాడు ఆమెకు రెండు కాగితాలు అందాయి. యంత్రాల దగ్గర ఆమె ఉండటం క్షేమం కాదట, పదకొండు దుప్పట్ల కట్ట అందుకు సాక్ష్యమట, సోమవారం నుంచి కింద మాసిన బట్టలు వేరుచేసే గదికి వెళ్లాలట. కింద గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపునీ వాసన పైకి రాకుండా మూసి ఉంచుతారు. గాభరా ఉన్న మనిషిని దాచడానికి ఇంతకన్నా మంచి చోటు శత్రువుకి కూడా తట్టదు. రెండో కాగితం, శనివారం ప్రశాంతి గది ప్రారంభోత్సవంలో డైరెక్టరు ముందు ఆమె చదవాల్సిన నాలుగు మాటలు. మొదటి మాట, 'ఈ గది నా జీవితాన్ని మార్చింది.'

నిజమే, మార్చింది. ఆమెకు కోపం అరికాలి నుంచి మొదలైంది. పని మానేద్దామంటే కూతురి చదువుంది, కింద గదికి వెళ్దామంటే ప్రాణముంది.

శనివారం రిబ్బను కత్తిరించారు. సోఫాల మధ్య నిలబెట్టి ఆమె చేతికి కాగితమిచ్చారు. ఆమె దాన్ని నాలుగు మడతలు వేసింది, అంచుకి అంచు కలిపి.

"ఈ గదిలోకి నేను రావడం ఇదే మొదటిసారి సార్," అంది డైరెక్టరుతో. "నా మందు ఈ బొమ్మ వెనకాల ఉంది."

వెళ్లి సముద్రాన్ని ఒక కొస పట్టుకుని కిందదాకా చించి, కిటికీ రెక్కలు తోసింది. ఎండ వచ్చి సోఫాల మీద పడింది. వెల్ఫేర్ సారు నవ్వి, ఆవిడ కొంచెం ఉద్వేగంలో ఉందని సర్దిచెప్పాడు. డైరెక్టరు వాచీ చూసుకున్నాడు. అందరూ బిస్కెట్లు తిని వెళ్లిపోయారు. సాయంత్రానికి కిటికీ మూసుకుంది, చిరిగిన చోట టేపు వేసుకుని సముద్రం మళ్లీ కిటికీ ఎక్కింది, తలుపుకి తాళం పడింది. సోమవారం ఆమె కిందకి దిగింది.

ఆ రోజు పదింటికి పిల్లల వార్డు నుంచి ఫోను వచ్చింది, కట్టలో ఒక దుప్పటి ఎక్కువుందని. తర్వాత ఎముకల వార్డు. తర్వాత కాన్పుల వార్డు. ప్రతి కట్టలోనూ పదకొండు. సూపర్‌వైజరు బల్ల బల్లకీ తిరిగి అడిగాడు. ఏం చెయ్యమంటారు సార్, పది నుంచి సున్నా దాకా లెక్కపెట్టడం అలవాటైపోయింది అని పదిహేను మందీ ఒకే మాట చెప్పారు. మధ్యాహ్నానికి పై అంతస్తుల్లో ఏ బీరువా లెక్కా కుదరలేదు. ఉన్నవన్నీ వార్డుల కట్టల్లోకే పోయి, ఆపరేషను థియేటరుకి పంపాల్సిన దుప్పట్లు చాలలేదు. సూపరింటెండెంటు స్వయంగా ఫోన్ చేసి, లాండ్రీలో ఎవరికైనా అంకెలు వచ్చా అని అడిగాడు. వెల్ఫేర్ సారు హాలులోకి పరుగున వచ్చాడు.

రోలరు బాబాయి యంత్రం ఆపి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"పదకొండు కట్టినందుకు ఒకమ్మాయిని కిందకి పంపారు," అన్నాడు. "న్యాయం అందరికీ ఒకటే కదండీ. మమ్మల్నందర్నీ పంపేయండి. మడతలు మీరు వేసుకుందురుగాని."

పదినిమిషాల్లో మడతలక్కను పైకి పిలిచారు. చెమటతో, మాసిన బట్టల వాసనతో వచ్చింది. కిందకి పంపిన ఉత్తర్వు చింపేస్తానని వెల్ఫేర్ సారు అన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో అమ్మా. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లు. ఫారం కూడా వద్దు."

ఆమె ఆ చెవి వైపు చూసింది. అది తీసుకుంటే తన బాధ తీరుతుంది. మరి రేపు ఇంకొకరికి వస్తే? వాళ్లు వచ్చి ఈమె ముందు చెయ్యి చాచాలా?

"తాళంచెవి వద్దు సార్," అంది. "తాళం తీసెయ్యండి."

సాయంత్రంలోపే బాబాయి తలుపునే ఊడదీశాడు. మంచి చెక్క, పారెయ్యడం దేనికని నాలుగు కాళ్లు కొట్టి మడతల బల్ల చేశాడు. కట్టల్లో మళ్లీ లెక్కగా పదే వస్తున్నాయి. వెల్ఫేర్ సారు తన నివేదికలో, సిబ్బందికి మరింత అందుబాటులో ఉండాలని తలుపు లేని ప్రశాంతి గదిని తానే ఆలోచించి కట్టించానని రాసుకున్నాడట. ఆ మనిషికి సిగ్గనేది పుట్టుకతోనే పెట్టలేదు.

తలుపు ఊడిన రాత్రి మేనత్త సంగతంతా విని, వెల్ఫేర్ సారు గురించి గాని డైరెక్టరు గురించి గాని ఏమీ అడగలేదు.

"కిటికీ తెరిచే ఉందా?"

"తెరిచే ఉంది అత్తా. రెక్కలు కూడా పీకేయించాను."