కొంచెం పక్కకి

మా అపార్ట్‌మెంట్లో ఊడ్చే చంద్రమ్మ పోయిన నాలుగో రోజున ఆమె కూతురు భవాని మా ఇంటికి వచ్చింది. నేను పప్పులోకి పోపు పెడుతున్నాను. బెల్లు మోగితే మంట తగ్గించి వెళ్లి తలుపు తీశాను. ముప్పై ఏళ్ల మనిషి, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, గడపకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"జయంతి మేడమంటే మీరేనా? నేను చంద్రమ్మ బిడ్డను."

లోపలికి రమ్మన్నాను.

"వద్దు మేడం, మైల ఉన్నది. ఒక్క ముచ్చట చెప్పి పోత. దినాల నాడు అమ్మ పటం పెట్టాలె. మా దగ్గర ఒక్క మంచి ఫోటో లేదు. నా పెండ్లి ఆల్బంల ఎక్కడ జూసినా పని జేసుకుంట ఎనకకే తిరిగి ఉన్నది. పోయినేడు మా ఆయన ఫోన్ నీళ్లల్ల పడ్డది, అండ్ల ఉన్నయి పోయినయి. ఇప్పుడున్నయి దవాఖానల తీసినయే. పచ్చగ, బొక్కలు తేలి... అవి పెట్టబుద్ధి గాదు."

"అయ్యో" అన్నాను.

"ఆధార్ కార్డు మీద ఫోటో ఉన్నది గని, గది జూస్తే మా అమ్మనే అనిపియ్యది. మీ దగ్గర మస్తుగుంటయి గదా మేడం. దినాం తీస్తుండె అని అమ్మ చెప్పేది. ఒక్కటి మంచిది ఏరి నా వాట్సాప్‌కు పెట్టుండ్రి. శేఖర్ ఫ్రేం కట్టిపిచ్చుకొస్తడు."

శేఖర్ ఆమె భర్త. క్యాబ్ నడుపుతాడట, మూసాపేటలో ఉంటారు. నంబరు చెప్పింది, రాసుకున్నాను. చూసి పంపిస్తానన్నాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయాక వంటింట్లోంచి ఎండుమిర్చి మాడిన వాసన వచ్చింది.

చంద్రమ్మను నేను ఒక్కసారి కూడా ఫోటో తీయలేదు.

నాకు ఏదీ చివరిదాకా చేసే అలవాటు లేదు. వీణ రెండేళ్లు నేర్చుకుని వదిలేశాను. కుట్టుమిషన్ కొనిపించుకుని నాలుగు జాకెట్లు కుట్టాక దాని మీద బట్టలు మడతపెట్టడం మొదలైంది. స్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం మోకాళ్ల నొప్పులతో మానేశాక, ఇంట్లో నేనూ గోడ గడియారమూ మిగిలాం. మా ఆయన విద్యుత్ శాఖలో ఇంకా రెండేళ్లు సర్వీసున్న మనిషి. మా అమ్మాయి రసజ్ఞ గచ్చిబౌలిలో కంపెనీ బస్సెక్కితే మళ్లీ రాత్రికే.

మార్చిలో రసజ్ఞే చెప్పింది. "రోజుకో ఫోటో తియ్యమ్మా. ఒకే చోటు, ఒకే టైము. ఏడాది. మా ఫోటోల గ్రూపులో చేరుస్తాను. ఒక్కరోజు కూడా తప్పకూడదు."

"దేన్ని తియ్యను?"

"నీ ఇష్టం. కానీ మనుషులు వద్దు. మనిషొస్తే చూసేవాళ్ల కళ్లు మనిషి మీదకే పోతాయి."

మా గేటు లోపల ఒక కానుగ చెట్టుంది. దాని వెనక, రోడ్డుకి అవతల, ఒక అద్దాల ఆఫీసు భవనం. పొద్దున్న ఆరూ నలభై ఐదుకి ఎండ ఆ అద్దాల మీద పడి వెనక్కి తిరిగి చెట్టు మీద పడుతుంది. అంత పొద్దున్నే, అంత ఇరుకైన మణికొండలో అలాంటి వెలుగు ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. రోజూ వెళ్లి ఒకే చోట నిలబడి తీసేదాన్ని.

"ఏమిటే, ఆ చెట్టుకేమైనా సంబంధాలు చూస్తున్నావా? రోజూ ఫోటో తీసి పంపిస్తున్నావు?" అని ఆయన నవ్వేవారు.

"మీకన్నా నయం, కదలకుండా నిలబడుతుంది" అనేదాన్ని.

ఆ వేళకి చంద్రమ్మ సరిగ్గా అక్కడే ఉండేది. కానుగ పూలు రాలే కాలం అది. బియ్యపు నూకల్లా నేలంతా పరుచుకునేవి. ఆమె ఊడుస్తూ ఉండేది. నేను ఫోన్ ఎత్తి, "కొంచెం పక్కకి చంద్రమ్మా" అనేదాన్ని. ఆమె చీపురు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, పక్కకి జరిగి, నిటారుగా నిలబడేది. "ఇంకొంచెం" అనేదాన్ని. ఇంకొంచెం జరిగేది. నేను తీసుకునేదాన్ని.

"ఎట్లొచ్చింది మేడం?"

"బాగా వచ్చింది."

ఎనిమిది నెలలు రోజూ మా మధ్య ఇవే మాటలు. ఒకటి రెండుసార్లు "జర సూపియ్యరా" అంది. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాననో, కళ్లజోడు తెచ్చుకోలేదనో చెప్పి లిఫ్టు వైపు నడిచాను. చూపించడానికి ఇష్టం లేక కాదు. చెట్టు ఫోటోలో ఆమె చూసేదేముంది అనుకున్నాను.

అక్టోబరు చివర ఆమె రావడం మానేసింది. కామెర్లని, సర్కారు దవాఖానాలో ఉందని వాచ్‌మన్ చెప్పాడు. ఐదు వందలు పంపించాను. ఆమె బదులు వచ్చిన అమ్మాయి ఎనిమిదింటికి గానీ దిగేది కాదు. ఆరూ నలభై ఐదుకి చెట్టు కింద ఎవరూ ఉండేవారు కాదు. ఆ ఐదు వారాల ఫోటోలు అన్నిటికన్నా బాగా వచ్చాయని గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. నాకూ సంతోషంగానే ఉండింది.

భవాని వెళ్లాక ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. చంద్రమ్మ పనికొచ్చిన రోజులవి రెండు వందల పైచిలుకు ఫోటోలు. ఒక్కొక్కటీ పెద్దది చేసి, అంచుల్లో వెతికాను. మేలో ఒకచోట మోచెయ్యి. ఒకచోట చీపురు కట్ట, దాన్ని పట్టుకున్న రెండు వేళ్లు. హౌస్‌కీపింగ్ వాళ్ల నీలం కోటు అంచు మూడు నాలుగింట్లో. జూన్‌లో ఒక నీడ, చెట్టు నీడతో కలిసిపోయి. ఆగస్టులో ఒక్కదానిలో మనిషంతా ఉంది. కానీ దూరంగా, కుళాయి దగ్గర, బకెట్ మీదకి వంగి, వీపు ఇటు పెట్టి. మొహం ఒక్కదానిలోనూ లేదు.

రసజ్ఞ రాగానే అడిగాను. "తీసేసినవి మళ్లీ వస్తాయా?"

మొహం పడ్డ ఫోటోలు లేకపోలేదు. ఆమె తొందరపడి ముందుకొచ్చినప్పుడు తీసినవి, అక్కడికక్కడే తీసేసి మళ్లీ తీసినవి.

"ముప్పై రోజులే ఉంటాయమ్మా. తర్వాత దానంతటదే పోతాయి" అంది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తనూ వెతికింది. తీసేసినవాటిలో నవంబరు ఫోటోలే ఉన్నాయి. వాటిలో చెట్టు తప్ప ఏమీ లేదు.

ఫోన్ నా చేతికిచ్చి, "మనుషులు వద్దని నేనే అన్నాను" అంది.

"నువ్వు చెట్టు కోసం అన్నావు. పక్కకి జరగమన్నది నేను" అన్నాను.

ఆయన భోజనం దగ్గర, "ఆ ఆధార్ ఫోటోని కంప్యూటర్లో బాగుచేసి ఇస్తారు, ఫోటో స్టూడియో వాళ్లకి ఇద్దాం. నువ్వంత బాధపడకు" అన్నారు. ఆయన చెప్పింది సబబే. కానీ భవాని అడిగింది అది కాదు.

మర్నాడు భవానికి ఫోన్ చేశాను. మాటల్లో చెప్పలేక రమ్మన్నాను. శేఖర్ క్యాబ్‌లో వచ్చింది. గేటు దగ్గర, చెట్టు కింద ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి ఫోన్ ఇచ్చాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెట్టు కోసమే తీసేదాన్నని, ఆమెను పక్కకి జరగమనేదాన్నని.

భవాని ఫోటోలు ఒక్కొక్కటీ జరుపుతూ పోయింది. మోచెయ్యి దగ్గర ఆగింది. "ఇగో, అమ్మ చెయ్యి" అంది మెల్లగా. వేలితో పెద్దది చేసింది. "ఈ మచ్చ నూనె పడితే అయ్యింది. నేను కడుపుల ఉన్నప్పుడంట."

నాకు ఆ మచ్చ తెలియదు.

చాలాసేపయ్యాక తలెత్తింది. "మా అమ్మ పొద్దుగాల్ల లేచి పౌడరు రాసుకునేది మేడం. కనకంబరాలు తెచ్చిపెట్టుమని నాయినను సతాయించేది. 'ఊడ్వనీకి పోతున్నవా, పెండ్లికి పోతున్నవా' అని నాయిన ఎక్కిరిస్తుండె. 'ఏంది గట్లంటవు, మేడం దినాం నా ఫోటో తీస్తది' అనేది. 'నన్ను జర పక్కకు నిలబెట్టి తీస్తది, చెట్టు గూడ రావాలె గదా' అనేది."

నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. పూలు పెట్టుకునేదా? పెట్టుకునే ఉంటుంది. పక్కకి జరిగిన మనిషి ఎటు చూస్తోందో నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె నా ఫోన్ వైపే చూస్తూ నిలబడి ఉండేదన్నమాట.

"తప్పయిపోయింది భవానీ."

"మీరు ఆమెను ఏమన్నరని?" అంది. ఆ మాటలో దయ ఉందో, కోపం ఉందో నాకు అర్థం కాలేదు. ఫోన్ తిరిగి ఇచ్చి లేచింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"నాయినకు మాత్రం చెప్పకుండ్రి. రాత్రి డ్యూటీలకు పోయిన కాడ గార్డులందరికి చెప్పిండు, మా ఆమె ఫోటోలు పెద్ద మేడం తీస్తదని. ఫోన్ ఖరాబైంది, అన్నీ పోయినయి అని చెప్పుత నేను. మీరు గూడ గదే చెప్పుండ్రి. దినాలకు రండ్రి. మీరు రాకుంటే అడుగుతడు."

ఆ మర్నాడు ఆరూ నలభై ఐదుకి కిందకి వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. రెండు వందల డెబ్భై మూడు దగ్గర ఆగిపోయింది. గ్రూపులో ఎవరో ఏమైందని అడిగారు. జవాబివ్వలేదు.

పదకొండో రోజున రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మూసాపేటలో దిగాను. స్టేషన్ వెనక సందులో భవాని వాళ్ల రెండు గదుల ఇల్లు. ముందు షామియానా, కుర్చీలు. లోపల బల్ల మీద పటం పెట్టారు. ఆధార్ ఫోటోనే. ఎంత పెద్దది చేశారో అంత మసకగా ఉంది. కళ్లు రెండూ రెండు మచ్చల్లా ఉన్నాయి. బంతిపూల దండ మధ్య ఎవరో భయపడిన మనిషి. "గీమె చంద్రమ్మనేనా?" అని ఒక ముసలమ్మ పక్కావిడ చెవిలో అడగడం నాకు వినిపించింది.

దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి చంద్రమ్మ భర్త మల్లయ్య ఎదురుగా ఉన్నాడు. గుండు చేయించుకున్నాడు. మా గేటు దగ్గర భార్య కోసం సైకిల్‌తో నిలబడినప్పుడు రెండు మూడుసార్లు చూశానంతే.

"వచ్చినవా మేడం" అని నా చెయ్యి పట్టుకోబోయి, ఆగి, దణ్ణం పెట్టాడు. తర్వాత చుట్టాల వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "ఈమెనే. మా ఆమె ఫోటో దినాం తీసిన మేడం ఈమెనే."

అందరూ నా వైపు చూశారు. ఒకామె లేచి కుర్చీ ఇచ్చింది. కుర్చీలో కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

"ఫోన్ ఖరాబైందంట గదా, బిడ్డ చెప్పింది."

"అవును మల్లయ్యా. అన్నీ పోయాయి" అన్నాను.

"పోనీ తియ్యి మేడం. ఫికర్ జెయ్యకు. నువ్వేం జేస్తవు, మిషిన్ గదా. ఎనిమిది నెలలు కష్టపడి తీసినవి పోతే నీకెంత బాధ." నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "గని మేడం, నువ్వైతే చూసినవు గదా. ఫోటోలల్ల ఎట్లుండె మా ఆమె?"

విస్తరాకులు వేస్తున్న భవాని చెయ్యి ఆగింది.

"బాగుండేది" అన్నాను. మళ్లీ చెప్పాను. "చాలా బాగుండేది. నిటారుగా నిలబడేది."

"నవ్వుతుండెనా?"

"నవ్వేది."

"నేను చెప్పలే?" అన్నాడు పక్కనున్న వాళ్లతో. కళ్లు తుడుచుకున్నాడు. "బోనాల నాడు సెలవిస్తే గూడ పోయింది మేడం. కొత్త చీర కట్టుకున్నది, మేడం తీస్తది అని. సెలవు నాడు డ్యూటీ ఏందే అని కొట్లాడిన. గా ఫోటో మంచిగొచ్చిందా?"

ఆ రోజు ఫోటో నాకు గుర్తుంది. ముందు రోజు వాన పడి, చెట్టు కడిగినట్టు ఉండి, అద్దాల మీద ఎండ పసుపుగా పడింది. అందులో మనిషి జాడ లేదు.

"అన్నిటికన్నా అదే బాగా వచ్చింది" అన్నాను.

"ఏ చీర కట్టుకున్నదో యాదికి వస్తలేదు మేడం. పది రోజుల సంది ఆలోచన జేస్తున్న. ఏ రంగుది?"

షామియానా కింద ఇరవై మంది నా జవాబు కోసం చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. నాకు ఏ రంగూ రాలేదు.

"గులాబిరంగుది నాయినా" అంది భవాని. నా వైపు చూడకుండానే వంగి నా ముందు విస్తరాకు వేసింది. "పచ్చ అంచు. ఖరాబు గాకముందు మేడం ఫోన్‌ల నేను చూసిన."

"ఔ," అన్నాడు మల్లయ్య. "ఔ బిడ్డా. గులాబిరంగుదే."