తల ఊపకండి

ఆదివారం ఉదయం పదకొండుంబావుకు, చిన్నకోడలు బకెట్టు నింపుకోవడానికి స్నానాలగదికి వెళ్లిన సమయంలో, ఆమె బావగారు సామాన్లగదిలోకి వెళ్లి, గాజుపలక మీద అంటించి ఉన్న అక్షరాల ఫిల్మును ఊడదీసి, తిరగేసి, మళ్లీ అంటించారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నట్టు తర్వాత వివరించారు.

బావగారిది రబ్బరు స్టాంపుల దుకాణం. రబ్బరు మీద అక్షరం తిరగబడి ఉంటేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. ఈ ఒక్క సూత్రంతో ఆయన సంసారం ఈదుకొచ్చారు. దాంతో ఆయనకు తిన్నగా ఉన్న అక్షరం ఎక్కడ కనిపించినా అనుమానమే. ఎవరైనా పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని, కిటికీ వెలుతురులో అవతలి పేజీని వెనకనుంచి, తిరగబడ్డ అక్షరాలతోనే చదివేస్తారు. అది తన తెలివి అని ఆయన, చాదస్తం అని తల్లి అనుకుంటారు.

సామాన్లగది కోసం ఆ ఇంట్లో కొంతకాలంగా పోరు నడుస్తోంది. మూతపడిన కంపెనీల స్టాంపులు, బదిలీ అయిపోయిన అధికారుల స్టాంపులు, చేయించుకుని మళ్లీ మొహం చూపించని వాళ్ల స్టాంపులు బావగారి దగ్గర పెట్టెలనిండా ఉన్నాయి. ఏనాటికైనా పనికొస్తాయని ఆయన పారేయరు. మంచం కింద చోటు నిండిపోయింది కాబట్టి ఆ గది తనకు కావాలన్నారు. గుడ్డల మీద అచ్చు వేసే పని ఇంట్లోనే మొదలుపెడతానని, అదే గది తనకు కావాలని చిన్నకోడలు అడిగింది. ఆమె భర్త, ఇంట్లో అందరూ చిన్నోడు అని పిలిచే మనిషి, భార్య చెప్పినప్పుడు తల ఊపాడు. అన్న చెప్పినప్పుడూ ఊపాడు.

అత్తగారు తీర్పు చెప్పారు. కోడలికి మొదటి బేరం వచ్చింది కాబట్టి అది అయ్యేదాకా గది ఆమెది. సరుకు తిరిగొచ్చిందా, మర్నాడే గది పెద్దోడిది. రాకపోతే కోడలిదే. బావగారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్న రోజే రెండు పెట్టెలు తెచ్చి ఆ గది గుమ్మం పక్కన పెట్టారు, తర్వాత మోయడం తేలికవుతుందని.

బేరం వీధి చివరి సెలూన్‌ది. యజమానిని కత్తెర మాస్టారు అంటారు. కుర్చీలో కూర్చున్నవాళ్ల మెడకు కట్టే తెల్లగుడ్డల మీద, ఛాతీ దగ్గర, పెద్ద అక్షరాలతో ‘తల ఊపకండి’ అని వేయించాలని ఆయన కోరిక. కారణం ఆయనే. పని చేస్తున్నంతసేపూ మాట్లాడతారు. వినేవాళ్లు మర్యాదకు తల ఊపుతారు. చెవి తెగితే తప్పు కత్తెరదంటారు.

చిన్నకోడలు పనిలో తొందర లేదు. పాత ఫొటో ఫ్రేము చెక్కలతో చట్రం బిగించింది. దాని మీద సన్నని జాలీగుడ్డ పరిచి, ముందు నాలుగు పక్కల మధ్యలో, ఆ తర్వాత మూలలవైపు లాగుతూ పిన్నులు కొట్టింది. వేలితో మీటితే మోగేదాకా లాగింది. అంట్లసబ్బుతో కడిగింది, జిడ్డు ఉంటే పైన పూసే అచ్చుమందు పట్టదు కాబట్టి. కిటికీకి నల్లకాగితం అంటించి, పసుపు బల్బు వెలుతురులో పచ్చటి మందు కలిపి, ప్లాస్టిక్ స్కేలు అంచుతో జాలీకి రెండు వైపులా పూసింది. చిన్న సీసా కాబట్టి మందు ఆ ఒక్క చట్రానికే సరిపోయింది. రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టింది.

ఆ మందుకు వెలుతురు తగిలితే గట్టిపడుతుంది. నీడ పడినచోట మెత్తగా ఉండి నీళ్లకు కొట్టుకుపోతుంది. అందుకని రెండు స్టూళ్ల మీద గాజుపలక పెట్టి, కింద ట్యూబులైట్లు అమర్చి, నల్లని అక్షరాలున్న, అవతలికి కనిపించే ఫిల్మును గాజు మీద అంటించింది. దాని మీద చట్రం బోర్లించాలి. అక్షరాల నీడ పడ్డచోట జాలీ తెరుచుకుంటుంది, చట్రం లోపల పోసిన రంగు ఆ సందుల్లోంచి కింద గుడ్డలోకి దిగుతుంది. పైనుంచి చూసేవాళ్లకు అక్షరం ఎలా ఉంటే గుడ్డ మీద అలాగే పడుతుంది. స్టాంపులా తిప్పే పని లేదు. ఆమె ఫిల్మును తిన్నగానే పెట్టింది. తిన్నగా ఉన్న అక్షరం బావగారి కంట పడింది.

ఆమె బకెట్టుతో తిరిగి వచ్చి, గాజు మీద ముందే పెట్టుకున్న మూలల గుర్తులను బట్టి చట్రం బోర్లించింది. అక్షరాలను మళ్లీ చూడలేదు. లోపల నల్లగుడ్డ పరిచి, బరువుకు పుస్తకాలు పేర్చి, లైట్లు వేసింది. టైము అయ్యాక చట్రాన్ని స్నానాలగదిలో గోడకు ఆనించి, బయటివైపు నుంచి నీళ్లు కొట్టింది. అక్షరాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తల ఊపకండి. ఎంత చక్కగా చదవొస్తోందో అని చిన్నోడు మెచ్చుకున్నాడు. అది చదవడానికి రాకూడని వైపు. ఆమె చట్రం తిప్పి లోపలివైపు చూసింది. తర్వాత కుళాయి కట్టేసింది.

తిరగబడిందని ఆమె అంటే, బావగారు ముందు ఒక గుడ్డ మీద వేసి చూడమన్నారు. వేసింది. అక్షరాలు తిరగబడి పడ్డాయి. రంగును లాగే రబ్బరు పట్టీని కిందనుంచి పైకి లాగడం వల్ల అలా అయిందన్నారు. పైనుంచి కిందికి లాగింది. అలాగే పడ్డాయి. అయితే గుడ్డలో లోపం ఉందన్నారు.

“బావగారూ, ఫిల్ము మీరేమైనా ముట్టుకున్నారా?” అని ఆమె అడిగింది.

“ముట్టుకోవడమేమిటమ్మా, సరిచేశాను. తిన్నగా పెట్టేశావు. నేను చూశాను కాబట్టి సరిపోయింది.”

సరిపోవడం అంటే ఏమిటో ఆమె అడగలేదు. చట్రాన్ని మళ్లీ కడిగి పూయడానికి మందు లేదు. మందు అమ్మే దుకాణం ఆదివారం తెరవరు. గుడ్డలు మర్నాడు పొద్దున్నే ఇవ్వాలి. మాట తప్పితే సెలూన్ ఆయన గుడ్డలు వెనక్కి తీసుకుంటారు, అంటే సరుకు తిరిగొచ్చినట్టే. ఒక్కరోజు గడువు అడుగుదామని, తడి ఆరిన ఒక గుడ్డ మడతపెట్టుకుని బయల్దేరింది. సాక్ష్యానికి తనూ వస్తానని బావగారు చెప్పులు వేసుకున్నారు. దేనికి సాక్ష్యమో చెప్పలేదు.

సెలూన్ కిటకిటలాడుతోంది. కుర్చీలో పోస్టుమాన్ ఉన్నాడు, ఒక పక్కే కత్తిరింపు అయింది. చిన్నకోడలు అచ్చు తిరగబడిందని, రేపటిదాకా ఆగమని చెప్పింది. ఎవరు చేశారన్నది చెప్పలేదు. కత్తెర మాస్టారు గుడ్డ విప్పి చాచి పట్టుకున్నారు.

“ఇదేం భాషమ్మా? ఇది కట్టుకుని నా కుర్చీలో ఎవడు కూర్చుంటాడు?” అంటూ, ఎలా ఉంటుందో ఆమెకే చూపించడానికి, పోస్టుమాన్ మెడకున్న పాతగుడ్డ లాగేసి దీన్ని కట్టారు.

పోస్టుమాన్ ఎదురుగా అద్దంలోకి చూశాడు. “తల ఊపకండి అని రాసుంది. నేనెప్పుడు ఊపానండీ?” అన్నాడు.

మాస్టారు గుడ్డను చూశారు, అద్దాన్ని చూశారు, మళ్లీ గుడ్డను చూశారు. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు లేచి వచ్చి పోస్టుమాన్ వెనక నిలబడ్డారు. ఇన్నాళ్లూ గోడకు తగిలించిన ‘తల ఊపకండి’ బోర్డు కుర్చీలో కూర్చున్నవాళ్ల వీపుల వెనక ఉండటం వల్లే లాభం లేకపోయిందని మాస్టారు అన్నారు. మొత్తం గుడ్డలన్నీ ఇలాగే కావాలని, తువ్వాళ్లకు కూడా వేయమని చెప్పి, ఈ ఆలోచన ఎవరిదని అడిగారు.

“అద్దం ఉంటుందని నాకు తెలుసుగా. అందుకే తిప్పాను,” అని బావగారు గుమ్మంలోంచి అన్నారు. అంతకుముందు అద్దం మాట ఆయన ఎవరితోనూ అన్నట్టు ఆధారం లేదు.

ఆలోచన ఇచ్చినవారికి క్షవరం ఉచితమని మాస్టారు ప్రకటించారు. బావగారి తలమీద కత్తిరించడానికి ఏమీ లేదు. అయినా తన వంతు వచ్చేదాకా ఆగి, కుర్చీలో కూర్చుని, కొత్తగుడ్డ కట్టించుకున్నారు. కత్తెర గాలిలో ఆడుతున్నంతసేపూ ఆయన తల ఊపలేదని చూసినవాళ్లు చెప్పారు.

చిన్నకోడలు ఇంటికి వచ్చి, తిరగబడ్డ చట్రంతోనే సాయంత్రానికి గుడ్డలన్నీ పూర్తిచేసింది. చిన్నోడు దండెం కట్టి ఆరవేశాడు.

దీపాలు పెట్టాక బావగారు తల్లి దగ్గర కూర్చుని సంగతి మొదలుపెట్టారు. బేరం నిలబడింది తన బుర్ర వల్ల కాబట్టి, న్యాయంగా గదిలో సగం తనకు రావాలన్నారు. కిటికీ ఉన్న సగం. అత్తగారు కోడలివైపు చూశారు.

“తిప్పింది బావగారే అత్తయ్యా. అందులో అబద్ధం లేదు,” అని ఆమె అంది.

“సరుకు తిరిగొచ్చిందా?” అని అత్తగారు అడిగారు.

“లేదు.”

“అయితే గది దానిదే.”

“మరి ఆలోచన నాదిగదమ్మా,” అన్నారు బావగారు.

“ఆలోచనకు గదెందుకురా? అది తలలోనే ఉంటుంది. అక్కడ ఖాళీ బోలెడుంది,” అని అత్తగారు లేచి వెళ్లిపోయారు. చిన్నోడు తల ఊపాడు. అది ఎవరి మాటకో తేలలేదు.

మర్నాడు గుడ్డలు సెలూన్‌కు వెళ్లాయి. చిన్నకోడలు మిగిలిన ఫిల్ము ముక్క మీద నల్లసిరాతో ఏదో రాసి, తిరగేసి, సామాన్లగది తలుపుకు అంటించి, లోపల గడియ వేయకుండా పనిలో కూర్చుంది. అత్తగారికి అదేమిటో అర్థంకాక లోపలికి వచ్చి మరీ అడిగి వెళ్లారు. చిన్నోడు మెడ అటూ ఇటూ వంచి చూసి, ఏదో ముగ్గు అనుకున్నాడు.

పది దాటాక బావగారు చంకలో ఒక స్టాంపుల పెట్టెతో అటు వచ్చారు. తలుపు ముందు ఆగారు. ‘పని జరుగుతోంది, లోపలికి రాకండి’ అని తడుముకోకుండా పైకి చదివారు. పెట్టె చంక మార్చుకుని, గుమ్మం పక్కనున్న రెండు పెట్టెల మీద దాన్ని పెట్టబోయి, మానేసి, తన గదికి తిరిగి వెళ్లారు. తర్వాత రెండుసార్లు వచ్చి ఆ రెండు పెట్టెలు కూడా తీసుకెళ్లారు.