చెంచమ్మ ఇంటి కప్పు

సున్నపు బట్టీలోంచి తోడిన, సరస్సులో ఏరి కాల్చిన గుల్లమీద చెంచమ్మ చెంబెడు నీళ్లు చిలకరించింది. గుల్ల బుసబుసమని పొంగి, పెటిలి, పొడై కూలింది. మొహం పక్కకు తిప్పుకుని ఆ పొడిని జల్లెడకెత్తింది. ఇరవై ఏళ్లుగా సూళ్లూరుపేట చుట్టుపక్కల లేచిన మిద్దెలన్నిటికీ ఆమె జల్లించిన సున్నమే పోయింది. కనురెప్పల వెంట్రుకలు తెల్లబడ్డాయి. వేళ్ల సందుల్లో పగుళ్లు ఏ నూనెకూ మానలేదు. ఆమె మాత్రం తాటాకు గుడిసెలోకి వంగి దూరి, వంగి బయటికొచ్చేది.

ఇల్లు లేనివాళ్లకు కట్టుకోవడానికి సర్కారు సాయం ఇస్తోందని తెలిసినప్పటినుంచీ మొగుడు రమణయ్యను పోరింది. "మనిద్దరికీ ఇల్లెందుకే" అని అతను ఏడాదిపాటు తప్పించుకు తిరిగాడు. బద్ధకమనుకుంది. చివరికి చెయ్యి పట్టి లాక్కుపోయి వేలిముద్ర వేయించింది. మొదటి విడత సాయంతో పునాది పడింది, గోడలు లేచాయి. గ్రామసేవకుడు వచ్చి ఆ గోడలు కొలిచి రాసుకుంటే పెంకుల కప్పు మంజూరవుతుంది.

మధ్యాహ్నం గ్రామసేవకుడు ఆనందబాబు బట్టీ దగ్గర సైకిలు దిగాడు. కొలత టేపు తీయలేదు.

"అక్కా, నెల్లూరు ఆఫీసునించి కాగితం వచ్చింది. కప్పు ఆపేయమన్నారు."

"ఏమి బాబూ? గోడలు వంకరుండాయా?"

"గోడలు కాదక్కా. సాయం ఒక కుటుంబానికి ఒక్కసారే. రమణయ్యకు ఆరేళ్ల కిందటే అల్లూరులో ఇల్లు ఇచ్చిండారు."

చెంచమ్మ నవ్వింది. "అల్లూరుకు ఏటా కోతలకు పోతాడు. ఇల్లేడిది? అది వేరే ఎవురి పేరో."

ఆనందబాబు తలెత్తకుండా చదివాడు. "రమణయ్య, తండ్రి కామాక్షయ్య, పుట్టింది తడ. భార్య ముసలమ్మ. పిల్లలు ముగ్గురు."

నవ్వు ఆమె మొహంమీద అట్లాగే ఉండిపోయింది. జల్లెడ ఒరిగి, సున్నం పాదాలమీద ధారకట్టింది. పిల్లలు ముగ్గురు. తన కడుపున ఒక్కటీ నిలవలేదని పెంచలకోనకు మొక్కుకుని నడిచిపోయినప్పుడు పక్కన రమణయ్యా నడిచాడు.

కొత్త గోడల దగ్గరికి ఎట్లా వచ్చిందో ఆమెకు తెలియదు. ఆనందబాబు వెనకాలే వచ్చాడు. రమణయ్య కిటికీ అంచు నున్నగా మెత్తుతున్నాడు.

"ముసలమ్మ ఎవురు?"

అతని చెయ్యి ఆగింది. ఆనందబాబును చూశాడు, చేతిలో కాగితాన్ని చూశాడు.

"ఆమెను ముందు చేసుకున్నా. నీకు చెప్దామనే..."

"ఇరవై ఏండ్లు చాల్లేదా చెప్పేదానికి?"

రమణయ్య తాపీ కింద పెట్టాడు. ఆనందబాబు గబగబా అన్నాడు: "అక్కా, ఒక దారుంది. కాగితాల లెక్కన నువ్వు ఈయన భార్యవే కాదు. ఒంటరి ఆడమనిషివని నీ పేరున రాస్తే కప్పు వస్తుంది. ఈయన మాత్రం ఇక్కడ ఉండకూడదు."

ఏమన్నాడో అన్న తర్వాతగాని అతనికే తెలియలేదు. చెంచమ్మ చెయ్యి మెడలోని పసుపుతాడు మీదికి పోయి అక్కడే బిగుసుకుంది. సరస్సు మీదినుంచి ఉప్పుగాలి కప్పులేని గోడల మధ్య సుడి తిరిగింది.

"రాసుకో బాబూ," అంది. ఆ గొంతు తనదనిపించలేదు.

"చెంచీ!" అన్నాడు రమణయ్య.

"నువ్వు పో. పొద్దుండంగానే పో."

తిడుతుందనో ఏడుస్తుందనో అతను కాసేపు నిలబడ్డాడు. ఆమె ఆనందబాబు వైపు తిరిగింది. రమణయ్య తొట్లో చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, కట్ట వెంబడి రైలుస్టేషను వైపు నడిచాడు. ఆనందబాబు రాసిన కొత్త అర్జీ కాగితంమీద చెంచమ్మ బొటనవేలు ఒత్తింది. సున్నం తిన్న వేలికి గీతలు లేవు. మూడుసార్లు ఒత్తినా నల్లటి మచ్చే పడింది.

"చాల్లే అక్కా," అని ఆనందబాబు కాగితం మడిచి వెళ్లిపోయాడు.

తడి ఆరని కిటికీ గూట్లో, పొద్దున ఆమె రమణయ్యకు కట్టిచ్చిన సంగటి మూట ముడి విప్పకుండా ఉంది.