సాలి చేతి గటక

సాలి తిరిగొచ్చిన పొద్దు మందలగూడెం గొల్లవాడలో ఎవరూ ఎదురు వెళ్లలేదు. మునగాల బాట మీద ఎడ్లబండి దిగి, వాలంటీరు అరుంధతి వెంట తలవంచుకుని నడిచి వస్తున్న ఆ పిల్లను ఆడవాళ్లు గడపల్లోంచి చూశారు. మగవాళ్లు పగ్గాలు పేనుతున్నట్టూ, గొంగళ్లు దులుపుతున్నట్టూ ముఖాలు తిప్పుకున్నారు. అత్త అచ్చమ్మ వాకిట్లోకి వచ్చి కోడలిని ఎగాదిగా చూసింది. చివరికి చెయ్యెత్తి ఇంటి వెనక గొర్రెల కొట్టాన్ని చూపించింది.

పెద్దగొల్ల బిక్షం భార్య తిరుపతమ్మ ఇదంతా తన అరుగు మీంచి చూసింది. వాడలో ఏ తగువైనా బిక్షం మాటే ఆఖరు మాట. అందుకే ఆ రోజు అందరి చూపులూ సాలి మీంచి జారి ఆ అరుగు మీదికే వచ్చి ఆగాయి.

సాలి చేసిన తప్పేమీ లేదు. ఆ ఎండాకాలం నిజాం పక్షాన తుపాకుల మూక ఊళ్ల మీద పడుతున్నప్పుడు గొల్లవాడంతా మందలను తోలుకుని మునగాల పరగణాలోకి తరలిపోయింది. చుట్టూ నిజాం రాజ్యమే అయినా ఆ పరగణా మాత్రం ఇండియన్ యూనియన్ ఇలాకా. అక్కడ అడుగుపెట్టడానికి ఆ మూక జంకేది. ఈనిన గొర్రె ఒకటి దొడ్లో ఉండిపోయిందని సాలి వెనక్కి వెళ్లింది. ఆమెను పట్టుకుపోయి సూర్యాపేట అవతల ఒక దొర గడీలో పెట్టారు. నిజాం లొంగిపోయాక వాలంటీర్లు ఆ గడీ తలుపులు తెరిపిస్తే, బయటికొచ్చిన ఆడవాళ్లలో ఆమె కూడా ఉంది.

ఆమె మొగుడు జానయ్య సంగతి వేరు. నిజాం మీద తిరగబడ్డ సంఘంలో తిరుగుతున్నాడని ఆ మూకే అతన్ని కూడా పట్టుకుని జైల్లో వేయించింది. సాలి కంటే కొద్ది రోజుల ముందే విడుదలై వచ్చాడు. ఆ రోజు వాడలో డప్పులు మోగాయి. బిక్షం తన చేత్తోనే బంతిపూల దండ వేశాడు.

సాలి వచ్చిన మర్నాడు బిక్షం అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"సోమవారం మల్లన్న గుడి ముంగల కులం కూసుంటది. బంగారపు పుల్ల కాల్చి దాని నాలుకకు సుర్క పెట్టాలె. పెడితెనే ఇంట్లకు రానిచ్చేది. ఆచారం."

తిరుపతమ్మ కూర వడ్డించే గరిటె ఆపింది. "జానయ్యకు పెట్టినవా?"

"వానికెందుకు?"

"జైల్ల ఎవరు వండింది తిన్నడో, ఎవరి పక్కన పన్నడో అడిగినవా?"

"మొగోని సంగతి ఏరు. నువ్వు గియ్యన్ని మాట్లాడకు." బిక్షం తల దించుకుని తినడం మొదలుపెట్టాడు. అతను చెడ్డవాడు కాదు. ఏనాడూ ఆమె మీద చెయ్యెత్తలేదు. కాని తాత చేసింది తండ్రి చేశాడు, తండ్రి చేసింది తను చేస్తున్నాడు. మధ్యలో ఆగి ఆలోచించాల్సిన పని అతనికి ఎప్పుడూ పడలేదు.

పరగణాకు తరలిపోక ముందైతే తిరుపతమ్మ ఆ మాటకు ఊరుకునేదేమో. కాని అక్కడ తలదాచుకున్న పాకల్లోనే ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. సూర్యాపేట బియ్యం వర్తకుల ఇంటి ఆడపడుచు అరుంధతి, పిల్లలకు పాలు పోయడానికని అక్కడికి వచ్చి, తిరుపతమ్మ లాంటి నలుగురిని కూడగట్టి ఆడవాళ్ల సంఘం పెట్టించింది. పాల దగ్గర మగవాళ్లే ముందు చేరి తోసుకుంటుంటే, బాలింతలకు ముందు పోయాలని ఎవరో ఒకరు లేచి చెప్పమంది. ఎవరూ లేవకపోతే తిరుపతమ్మ లేచింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు కూడా నిలబడేసరికి మగవాళ్లు గొణుక్కుంటూనే పక్కకు జరిగారు. అంత సులువుగా జరుగుతారని ఆమె అంతకు ముందు అనుకోలేదు.

ఆ సంఘం ఊళ్లోకి తిరిగొచ్చాక కూడా చెదిరిపోలేదు. ఆ సాయంత్రం కల్లం దగ్గర అందరూ కూడారు. అరుంధతి కూడా సూర్యాపేటకు తిరిగి పోకుండా ఉండిపోయింది.

"మనం అడ్డం పడాలె," అంది తిరుపతమ్మ.

"అడ్డం పడి ఏం జేస్తవ్?" రంగి అనే ఆమె కసిరింది. "మాఘంల నా బిడ్డ లగ్గం ఉన్నది. వెలి ఏస్తే ఎవలు వస్తరు? నీకేంది, పెద్దగొల్ల పెండ్లానివి."

"పెద్దగొల్ల పెండ్లాన్ని కాబట్టే నా బాధ ఎక్కువ. పుల్ల కాల్చేది నా మొగడు."

మాటా మాటా పెరిగింది. కొందరు రంగి వైపు, కొందరు తిరుపతమ్మ వైపు. అరుంధతి అందరూ చల్లబడే దాకా ఆగింది.

"సాలిని ఎవరైనా అడిగిన్రా?" అంది. "ఆమెకు ఏం కావాలెనో తెల్వకుండ మనమే నిర్ణయం జేస్తే, మనకూ కులపెద్దలకూ ఫరకేముంది?"

ఎవరూ అడగలేదు. తిరుపతమ్మకు సిగ్గు వేసింది. ఆమె లేచి నేరుగా గొర్రెల కొట్టానికి వెళ్లింది. అరుంధతి వెంట నడిచింది.

సాలి ఒక మూల గొంగడి మీద కూర్చుని గొర్రెపిల్ల కాలిలో ముల్లు తీస్తోంది. ముఖం బాగా చిక్కిపోయింది. అచ్చమ్మ దూరంగా పెట్టిపోయిన అన్నం అలాగే ఉంది.

"బిడ్డా, సోమవారం సంగతి ఎరికేనా?" అని అడిగింది తిరుపతమ్మ.

"ఎరికే అత్తా. కాలుస్తే కాల్వనీ. ఒక్క గడియ నొప్పి. ఇంట్లకైతే రానిస్తరు గద." సాలి తల ఎత్తలేదు. "గాడ పడ్డదాని ముంగల ఇదెంత."

"నువ్వు సరే అంటే మేం నడుమ రాం," అంది అరుంధతి. "వద్దంటే మాత్రం నువ్వు ఒక్కదానివి కావు. అది చెప్పిపోదామని వచ్చినం."

ముల్లు బయటికొచ్చింది. సాలి గొర్రెపిల్లను వదిలిపెట్టి, అది కుంటుకుంటూ తల్లి దగ్గరికి పోతుంటే చూస్తూ ఉంది. అప్పుడు అడిగింది.

"అత్తా, ఆయన జైలు నుంచి వచ్చిననాడు డప్పులు గొట్టిన్రట గదా?"

"కొట్టిన్రు."

"మమ్ముల ఇద్దర్నీ పట్టుకపోయింది ఒక్కలే. ఆయనకు దండేసిన్రు. నాకు సుర్క పెడ్తమంటున్రు." ఆమె గొంతు మొదటిసారి గట్టిపడింది. "నాకు దండ వద్దు. సుర్క కూడా వద్దు. నాలుక చాపను. చాపకుంటే కొట్టంలనే ఉంచుతరా, ఉంచనీ."

తిరుపతమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆ క్షణంలో ఆమెకు బిక్షం గుర్తొచ్చాడు. ఇంటికెళ్లి అతని ముఖం చూడడం తేలిక కాదని అర్థమైంది. అయినా చెయ్యి తియ్యలేదు.

మర్నాడు తిరుపతమ్మ, అరుంధతి పెద్దల దగ్గరికి వెళ్లారు. సాలిని చురక లేకుండానే ఇంట్లోకి రానివ్వమని అడిగారు. బిక్షం తల అడ్డంగా ఊపాడు. అతని పక్కనే కూర్చున్న కాటయ్య, ఎప్పటి నుంచో పెద్దరికం మీద కన్నున్నవాడు, నవ్వాడు. "కులం ముచ్చట్ల ఆడోళ్లు నోరు పెట్టుడు ఎన్నడు లేదు. పేటోళ్లు పేటల సూసుకోన్రి. వెలి ఉన్నదాని చేతి కూడు ముట్టినోళ్లకు గూడ అదే సుర్క, ఎరికేనా?"

తిరిగొస్తుంటే అరుంధతి ముఖం ఎర్రబడి ఉంది. "సూర్యాపేట పోయి అధికారులకు చెప్పనా అక్కా?"

"చెప్పు. చెప్పాలె. కాని వాళ్లు వచ్చిపోయినంక కూడా సాలి గీడనే బతకాలె," అంది తిరుపతమ్మ. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "ఇంతకూ కాటయ్య ఏమన్నడు? కూడు ముట్టినోళ్లకు గూడ అన్నడు కదా?"

ఆదివారం మధ్యాహ్నం సాలి కొట్టం ముందు మూడు రాళ్లు పెట్టి జొన్నరవ్వ ఉడికించి గటక వండింది. జొన్నలు తిరుపతమ్మ ఇంటివి, కుండ అరుంధతి తెచ్చింది. తిరుపతమ్మ అందరి కంటే ముందు కూర్చుంది. సాలి చేత్తో పెట్టిన ముద్ద నోట్లో వేసుకుని ఆమె వెంటనే మింగలేకపోయింది. ఎంత సంఘం పెట్టినా, ఎంత మాట్లాడినా, చిన్ననాటి నుంచి ఒంట్లో ఇంకిన భయం అది. మింగింది. తర్వాత అరుంధతి కూర్చుంది. కోమట్ల ఇంటి పిల్ల గొర్రెల కొట్టం ముందు తినడం చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత కుండ అడుగంటే దాకా ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు. రంగి రాలేదు. తన వాకిట్లోనే నిలబడి చూసింది.

అందరూ లేచేసరికి అచ్చమ్మ వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. కుండలో చెయ్యి పెట్టి అడుగున మాడింది గీరుకుని నిలబడే తిన్నది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. "ఉప్పు సాల్లేదు," అని మాత్రం అని వెళ్లిపోయింది.

తిరుపతమ్మ బిక్షం కోసం ముందే కొంచెం గటక ముంతలో తీసిపెట్టింది. అది చూసి అరుంధతి సందేహపడింది. "చెప్పకుండ పెడ్తవా అక్కా?"

"అడిగితే చెప్త. అబద్ధమాడను. కాని అడగడు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గూడ అడగలే, ఇది ఎవరు దంచిన్రు, ఎవరు ఇసిరిన్రు అని."

బిక్షం అడగలేదు. మజ్జిగ పోసుకుని తిని, గటక బాగా ఉడికిందన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

సోమవారం పొద్దున మల్లన్న గుడి ముందు కులం కూర్చుంది. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు దూరంగా గోడ వార. నిప్పుల కుంపటి రాజుకుంది, బిక్షం బంగారపు పుల్ల అందులో కాల్చి చేతికి తీసుకున్నాడు. సాలిని మధ్యలోకి రమ్మన్నారు. ఆమె వచ్చి నిలబడింది.

"నాలుక చాపు," అన్నాడు బిక్షం.

"చాపను," అంది సాలి.

పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తిరుపతమ్మ గోడ దగ్గర నుంచి లేచి సాలి పక్కకు నడిచింది.

"వెలి ఉన్నదాని చేతి కూడు తిన్నోళ్లకు గూడ అదే సుర్క అన్నరు కదా. నేను నిన్న సాలి వండింది తిన్న. మొదలు నాకు పెట్టు."

గోడ వార నుంచి ఒక్కొక్కరే లేచారు. లేచినవాళ్లు వచ్చి సాలి వెనక నిలబడ్డారు. అరుంధతి నిలబడింది. అచ్చమ్మ కర్ర పట్టుకుని వచ్చి కోడలి భుజానికి ఆనుకుంది. "నేను గూడ తిన్న," అంది. "పండ్లు లేని నోరు, జర పైలంగ కాల్చున్రి."

"ఇంత మంది కట్టుగట్టుకుని వచ్చిన్రు," అన్నాడు కాటయ్య. "అందర్నీ వెలి ఏస్తం."

"ఏసుకో. తిన్న చేతులతోనే మేం ఇండ్లల్ల వండినం. మీరు తిన్నరు." తిరుపతమ్మ మొగుడి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "నిన్న నీ పళ్లెంల పెట్టింది సాలి చేతి గటకనే. బాగ ఉడికిందన్నవు. నువ్వు అడగలె, నేను చెప్పలె. తప్పయితే నాదే. కాని పుల్ల పట్టుకున్న చెయ్యి గూడ దాని కూడు తిన్నదే."

బిక్షం చేతిలో ఎర్రగా కాలిన పుల్ల కొస మెల్లగా చల్లారింది. అతను దాన్ని మళ్లీ నిప్పుల్లో పెట్టలేదు.

అప్పుడు జానయ్య లేచాడు. ఇన్నాళ్లూ తల ఎత్తని మనిషి. "పెద్దయ్యా, జైల్ల నేను అందరి కూడు తిన్న. మీరు దండేసిన్రు, ఏసుకున్న. అప్పుడే అడగాల్సింది, నోరు రాలే." సాలి ముందుకు వెళ్లాడు. "ఇంటికి పోదాం పా."

సాలి వెంటనే కదలలేదు. "కొట్టంల ఉన్నన్ని రోజులు ఒక్కసారి గూడ రాలేదు నువ్వు."

"రాలే."

"మల్ల గిట్ల అయితే?"

"ఏమని చెప్పాలెనో ఎరికలేదు," అన్నాడు జానయ్య. సాలి అచ్చమ్మ చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నడిచింది. జానయ్య వాళ్ల వెనక నడిచాడు.

అంతటితో అంతా చక్కబడలేదు. కాటయ్య తన వైపు ఇళ్లను విడదీసుకున్నాడు. పెద్దరికం బిక్షం చేజారి కాటయ్య ఇంటికి వెళ్లింది. రంగి కొన్నాళ్లు తిరుపతమ్మ ఎదురుపడితే పక్కకు తప్పుకుంది. మాఘంలో కూతురి లగ్గానికి రెండు వైపుల వాళ్లనూ పిలిచింది, అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టింది. బిక్షం మాత్రం మందతో పాటే అడవిలో ఉండిపోయేవాడు. ఇంటికొచ్చినా తిరుపతమ్మతో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు. అన్నం ముందు కూర్చుని, "ఎవరు దంచిన్రు?" అని అడగడం మాత్రం మొదలుపెట్టాడు. అది దెప్పడమో నిజంగా అడగడమో ఆమెకు చాలా రోజులు తెలియలేదు. ఎవరు దంచారో చెప్పేది.

ఆ చలికాలంలోనే ఒకనాడు మిర్యాలగూడ వైపు నుంచి అరుంధతి కబురు పంపింది. అక్కడొక ఊళ్లో ఇలాగే తిరిగొచ్చిన ఇద్దరు ఆడవాళ్లను ఊరి బయట పాకలో ఉంచారట. సంఘం వాళ్లు వస్తే బాగుంటుందట.

తిరుపతమ్మ రొట్టెలు మూట కట్టింది. బిక్షం వాకిట్లో కుక్కిమంచం మీద కూర్చుని ఉన్నాడు. పోవచ్చా అని ఆమె అడగలేదు.

"మిర్యాలగూడ దిక్కు పోతున్న. రెండు మూడు రోజులైతది," అంది.

బిక్షం లేచి లోపలికి వెళ్లి తన కొత్త గొంగడి తెచ్చి ఆమె మూట మీద వేశాడు. "గాడ చలి ఎక్కువుంటది," అన్నాడు.

ఆమె గొంగడి భుజాన వేసుకుని బాట మీదికి వచ్చింది. సాలి అప్పటికే అక్కడ నిలబడి ఉంది. రొట్టెల మూట తను అందుకుని, "నడు అత్తా, పొద్దెక్కుతున్నది," అంది.