సెబూకి ముగ్గురే

సోరిమ్, ఆమె భర్త క్యూహ్యోన్ సియోల్‌లో ఉద్యోగాలు చేస్తారు. ఏడాదిన్నర కూతురు దాన్బీ చోంగ్జూలో సోరిమ్ తల్లి దగ్గర పెరుగుతోంది. వీళ్లు శనివారం వచ్చి ఆదివారం వెళ్లిపోతారు. పిల్ల అమ్మమ్మనే అమ్మా అని పిలుస్తుంది. సోరిమ్‌ని చూస్తే అమ్మమ్మ వెనక నక్కుతుంది.

అందుకే సోరిమ్ ఈ చలికాలం, అప్పుడు కూడా వెచ్చగా ఉండే సెబూ దీవికి విమానప్రయాణం పెట్టుకుంది. వెళ్లేది ముగ్గురే. వారంపాటు తనే తినిపించి, తనే నిద్రపుచ్చితే పిల్ల మాలిమి కాకపోతుందా అనుకుంది. పిల్లలకి లోతు తక్కువ కొలను ఉన్న హోటల్ కూడా వెతికిపెట్టింది.

ఆ శనివారం పసుపుపచ్చ ఈతబట్టలు తెచ్చి తొడగబోతే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి ఎత్తుకోగానే ఊరుకుని, ఆమె చేత బుద్ధిగా తొడిగించుకుంది.

"నువ్వూ రామ్మా," అంది సోరిమ్.

"నా గుండెకి విమానం పడదని డాక్టరు చెప్పాడుగా. మీరెళ్లండి. ఏడ్చి ఏడ్చి అలిసిపోతే అదే ఊరుకుంటుంది."

"అలిసిపోయి నా దగ్గరికి రావాలా?"

ముసలావిడ పిల్ల ఈతబట్టల పట్టీ సర్దింది.

"హోటల్ వద్దని చెప్పేస్తాను. వేసవికి చూద్దాంలే," అన్నాడు క్యూహ్యోన్.

"వేసవికి దీనికి మాటలొస్తాయి. రానని నోటితోనే చెప్తుంది."

మర్నాడు వాళ్లు సియోల్ బస్సెక్కుతుంటే దాన్బీ అమ్మమ్మ చంకలోంచి నవ్వుతూ చెయ్యి ఊపింది. ఇంటికొచ్చిన చుట్టాలకి ఊపినట్టే ఊపింది.